మొదటి గేరు బండి: మీ కాళ్లకు, చేతులకు లొంగేదే తీసుకోండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. డిగ్రీ పూర్తయి సికింద్రాబాదులో ఉద్యోగం వచ్చిందని, ఎల్బీనగర్‌లో గది తీసుకున్నారని, రానూ పోనూ రోజుకు 30 కిలోమీటర్లు తిరగవలసి ఉంటుందని, నెలకు ఒకటి రెండుసార్లు సూర్యాపేటలోని ఇంటికి కూడా బండి మీదే వెళ్లాలని ఉందని రాశారు. ఇంతవరకు అక్కగారి స్కూటీ తప్ప గేరు బండి నడపలేదని, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలని, బరువు 56 కిలోలని, లక్షన్నర వరకు పెట్టగలరని చెప్పారు. మిత్రులేమో కొనేదేదో 350 సీసీ బండే కొనేయమంటున్నారు, నాన్నగారేమో వంద సీసీ బండి చాలంటున్నారు. ఖమ్మంలో పదకొండేళ్లు టూవీలర్ మెకానిక్ షెడ్డు నడిపి, ఆ తర్వాత కొత్తవారికి గేరు బండి నేర్పుతూ వస్తున్నవాడిని కనుక, నా అభిప్రాయం ముందే చెప్పి తర్వాత కారణాలు వివరిస్తాను. మీరు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న 125 సీసీ బండి గానీ, 150–160 సీసీ తరగతిలో తేలికగా ఉండే బండి గానీ తీసుకోండి. 350 మీద మనసుంటే దానిని రెండేళ్ల తర్వాత కొనుక్కోవచ్చు. ఆ రెండేళ్లలో మీ చేతికి వచ్చే పట్టు ఆ బండికి కూడా పనికివస్తుంది.

కొత్తవారిలో చాలామంది బండిని ఇంజన్ సీసీతో కొలుస్తారు. నేను మాత్రం మొదట బరువు చూడమంటాను. హోండా షైన్ 125 బరువు 113 కిలోల ప్రాంతంలో ఉంటుంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. రెండింటికీ మధ్య ఒక నిండు మనిషి బరువంత తేడా ఉంది. బండి యాభైలో పోతున్నప్పుడు ఆ తేడా తెలియదు, పైగా బరువైన బండి నిలకడగా పోతున్నట్టు కూడా అనిపిస్తుంది. తెలిసేది ఆగినప్పుడు, మలుపు తిప్పేటప్పుడు, స్టాండు తీసేటప్పుడు, వాలుగా ఉన్న చోట వెనక్కి నెట్టేటప్పుడు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంటసేపు మొదటి గేరుకూ న్యూట్రల్‌కూ మధ్య ఆగుతూ కదులుతూ పోయే రోజున మీ ఎడమ చేతి క్లచ్చు, మీ రెండు కాళ్లు, ఆ బండి బరువు తప్ప మరేదీ లెక్కలోకి రాదు.

నా షెడ్డు ఎదురుగా పెట్రోలు బంకు ఉండేది. బంకులోకి ఎక్కేచోట సిమెంటు ప్లాట్‌ఫారం అంచు పగిలి, కంకర పైకి తేలి, కాస్త వాలుగా ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు కొత్త 350 మీద వచ్చి, పెట్రోలు పోయించుకుని, ఎడమకు హ్యాండిల్ పూర్తిగా తిప్పి బయటికి రాబోయాడు. హ్యాండిల్ తిరిగి ఉండగానే ముందు బ్రేకు పట్టాడు. బండి ఎడమకు వాలింది. ఆపడానికి పెట్టిన కాలు కంకర మీద జారింది. అతను బండిని వదలకుండా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు గానీ, ఒక కోణం దాటిన తర్వాత అంత బరువును ఏ మనిషీ ఆపలేడు. వేగం గంటకు ఐదు కిలోమీటర్లు కూడా లేదు. సైలెన్సరు కుడివైపున ఉండడం వల్ల కాలు కాలలేదు, కానీ చీలమండ బండి కింద చిక్కుకుని చిట్లింది. మేం నలుగురం పరుగెత్తి లేపాం. అతనికి నడపడం రాదని నేను అనను, దారి మీద చక్కగానే వచ్చాడు. ఆగేచోట మాత్రం అతని శరీరానికి ఆ బండి ఎక్కువైంది. షెడ్డుకు వచ్చే కొత్త బండ్లలో వంగిన క్లచ్ లివర్లు, గీతలుపడ్డ ఇంజన్ గార్డులు చాలావరకు ఇలా నిలబడ్డచోట పడినప్పటివే.

కాబట్టి షోరూమ్‌కు వెళ్లే ముందు ఇంట్లో ఒక కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా ఆనించి పట్టుకుని, దాని పై అంచు నేలకు ఎంత ఎత్తున ఉందో కొలవండి. మీ ఎత్తువారికి అది సుమారుగా 74 నుంచి 76 సెంటీమీటర్లు వస్తుంది. షోరూమ్ కాగితం మీద సీటు ఎత్తు మిల్లీమీటర్లలో ఉంటుంది. స్ప్లెండర్ ప్లస్‌ది 785, షైన్ 125ది 791, యమహా ఎఫ్‌జెడ్‌ది 790, క్లాసిక్ 350ది 805. మీ కొలత కంటే ఇవన్నీ ఎక్కువే కదా అని కంగారుపడకండి, మీరు కూర్చోగానే సీటూ షాక్ అబ్జార్బర్లూ కొంత దిగుతాయి, బూట్ల మందం కొంత కలిసివస్తుంది. చూడవలసింది సీటు ముందు భాగం వెడల్పు. సీటు ముందువైపు సన్నగా ఉంటే కాళ్లు నిట్టనిలువుగా దిగుతాయి, వెడల్పుగా ఉంటే అదే ఎత్తులో కూడా మునివేళ్ల మీద నిలబడవలసి వస్తుంది. రెండు పాదాల ముందు భాగమూ గట్టిగా ఆనాలి, ఒక పాదమైనా మడమతో సహా పూర్తిగా ఆనాలి. ఇది కుదరని బండిని, ఎంత నచ్చినా, మొదటి బండిగా తీసుకోవద్దు.

ఇక బ్రేకుల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే నా అనుభవంలో కొత్తవారు అతి తక్కువగా ఆలోచించేది దీని గురించే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేసరికే ఆ 17 మీటర్లు గడిచిపోతాయి. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది. పైగా వేగం 40 నుంచి 60కి పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతలకు పైగా పెరుగుతుంది. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కనుక బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. మన దగ్గర "ముందు బ్రేకు ముట్టుకోకు, పడిపోతావు" అని సైకిలు నేర్పినప్పటి నుంచీ చెబుతారు. ఆ భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కి, వెనక చక్రం జారిపోయి పడినవారిని నేను లెక్కలేనంతమందిని చూశాను.

ముందు చక్రం బిగుసుకుపోతే పడిపోవడం ఖాయమన్న మాటా నిజమే, నేనే పడ్డాను. మధిర దారిలో ఒక సాయంత్రం, మలుపు దాటగానే రోడ్డు సగం మేర మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. అంచున వరుసగా రాళ్లు పెట్టారు గానీ పొద్దు వాలి అవి కనబడలేదు. ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. నేను గింజల మీదికి పోయాక ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం ఆగింది, బండి ఆగలేదు. ఎడమ భుజం మీద పడి కాలర్ బోన్ విరిగింది. ఆ బండికి ఏబీఎస్ లేదు. ఉంటే చక్రం బిగుసుకోకుండా అది బ్రేకును పడుతూ వదులుతూ ఉండేది, నేను హ్యాండిల్ తిప్పుకునే వీలు మిగిలేది. అలాగని, రోడ్డుకు లేని పట్టును ఏబీఎస్ పుట్టించలేదు. ఇసుక మీద, గింజల మీద, ట్రాక్టరు చక్రాలు రోడ్డు మీదికి మోసుకొచ్చిన రేగడి బురద మీద బండి ఆగే దూరం ఏబీఎస్ ఉన్నా ఎక్కువే. అందుకే దారి అనుమానంగా ఉన్నప్పుడు ముందే వేగం తగ్గించుకోవాలి.

మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. 125 సీసీ, అంతకు తక్కువ ఉన్న వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, కానీ చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు అందులో లేదు. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ వంటి కొన్ని 125 బండ్లు ముందు చక్రానికి ఏబీఎస్‌తో కూడా వస్తున్నాయి. నాన్నగారు చెప్పిన వంద సీసీ బండి తేలికలోనూ, మైలేజీలోనూ, మరమ్మతు ఖర్చులోనూ నిజంగా మంచిదే, ఊళ్లో తిరగడానికైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. మీ విషయంలో ఒప్పుకోకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఈ ఏబీఎస్. రెండోది, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా సూర్యాపేట పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు ఎనిమిది హార్స్‌పవర్ ఇంజన్‌లో మిగులు శక్తి ఉండదు, లారీ పక్కన ఉండవలసిన దానికంటే ఎక్కువసేపు ఉండిపోతారు.

రోజువారీ తిరుగుడే ప్రధానమైతే ఏబీఎస్ ఉన్న 125 సరిపోతుంది. నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లడం ఖాయమనుకుంటే ఎఫ్‌జెడ్, యూనికార్న్, అపాచీ 160 వంటి వాటిలో ఏది మీ కాళ్లకు బాగా కుదిరితే దాన్ని చూడండి. ఇవి 135 నుంచి 145 కిలోల ప్రాంతంలో ఉంటాయి, మీ ఒంటికి అది మోయదగ్గ బరువే. నన్నడిగితే కొత్తవారికి ఎఫ్‌జెడ్, యూనికార్న్ నెమ్మదితనం ఎక్కువ నచ్చుతుంది. యాక్సిలరేటరు కొంచెం ఎక్కువ తిప్పినా అవి ఒక్కసారిగా ముందుకు దూకవు. అదే 200 డ్యూక్ వంటి బండి 25 హార్స్‌పవర్‌తో, చెయ్యి తడబడిన క్షణంలో కూడా మీరు తిప్పినంతా ఇచ్చేస్తుంది. దానిలో లోపమేమీ లేదు, నడపడం వచ్చినవారి కోసం చేసిన బండి అది. ఏ బండి తీసుకున్నా మొదటి ఆరు నెలలు మాత్రం ఊరికి ఆర్టీసీ బస్సులోనే వెళ్లిరండి. ఎల్బీనగర్ దాటాక అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కుదామన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు, దాని మీదికి టూవీలర్లను అనుమతించరు.

డబ్బు లెక్కలో కొత్తవారు షోరూమ్ ధర ఒక్కటే చూసి మోసపోతారు. ఎక్స్‌షోరూమ్ ధర మీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిస్తేనే ఆన్‌రోడ్ ధర అవుతుంది. కొత్త టూవీలరుకు 2018 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించేది) ఒకేసారి కట్టాలి, అందుకే ఆ మొత్తం పెద్దగా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక అంతకుముందు మిత్రులు చెప్పిన ధరలు ఇప్పుడు పనికిరావు. డీలరు దగ్గర కొటేషన్ కాగితం మీద ప్రతి పద్దూ విడివిడిగా రాయించుకోండి. "హ్యాండ్లింగ్", "యాక్సెసరీస్ కిట్" అని రాసిన చోట అదేమిటని అడగండి, వద్దనుకున్నది తీయించండి. ఇన్సూరెన్స్ వాళ్లిచ్చిందే తీసుకోవాలన్న నిబంధన లేదు. మీ లక్షన్నరలో పది వేలు ముందే పక్కన పెట్టి, దానితో హెల్మెట్, చేతి గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు, వానకోటు కొనండి. మిగిలిన దానిలో బండి చూడండి.

హెల్మెట్ ముఖమంతా కప్పేదే కొనండి, ఐఎస్‌ఐ గుర్తు చూడండి. తలకు పెట్టుకున్నప్పుడు బుగ్గలు కొంచెం నొక్కినట్టుండాలి. బకిల్ పెట్టి, వెనక అంచు పట్టుకుని పైకి ముందుకు లాగితే ఊడి రాకూడదు. ఊడివస్తే అది మీ సైజు కాదు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలినది పైకి బాగున్నట్టు కనిపించినా మార్చాలి, ఎందుకంటే లోపలి థర్మోకోల్ పొర దెబ్బను పీల్చుకుని ఒకసారే నలుగుతుంది. వెనక కూర్చునేవారికీ చట్టప్రకారం హెల్మెట్ తప్పనిసరి కనుక రెండోది కూడా ఇలాగే చూసి తీసుకోండి, బండితో ఊరికే ఇచ్చినదాన్ని సరిపెట్టవద్దు.

మీ బాబాయిగారి స్నేహితుడి పాత బండి ఉందని కూడా రాశారు. సెకండ్ హ్యాండ్ బండి మీద నేర్చుకోవడం తప్పేమీ కాదు, గీతలు పడతాయన్న బెంగ ఉండదు. కానీ ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి చూడండి. వేడెక్కిన ఇంజన్ తన జబ్బులు దాచుకుంటుంది. స్టార్ట్ చేశాక నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని, బోరు చేయించే ఖర్చు మీ నెత్తిన పడుతుందని అర్థం. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, అది ఛాసిస్ మీద ఎక్కడ ఆనుతోందో వంగి చూడండి. అక్కడ చిన్న ఇనుప బొడిపె ఉంటుంది. ఒకవైపుది నలిగి ఉండి రెండోవైపుది సవ్యంగా ఉంటే ఆ బండి గట్టిగా పడిందన్నమాట. ట్యాంకుకు కొత్త రంగు వేయవచ్చు గానీ దీన్ని సరిచేసేవారు తక్కువ. ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాల) మీద ఆయిల్ తడి, చైన్ తిరిగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా ఒక పక్కకు వంగి ఉండడం కూడా ఖర్చుకు గుర్తులే.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు, తెలిసినవారైనా సరే. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో సరిపోల్చండి, పెండింగ్ చలాన్లు చూడండి, లోన్ ఉంటే ఫైనాన్స్ వారి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో పాటు ఫారం 35 తీసుకోండి, ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి వెంటనే పేరు మార్పించండి. కొన్నాక పేరు మార్చుకోకుండా తిరిగే అలవాటు మనవైపు చాలా ఉంది. ప్రమాదం జరిగితే రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, కనుక మీ పేరు మీదికి మార్చుకోవడం ఆ స్నేహితుడికి మీరు చేసే న్యాయం కూడా.

లైసెన్సు సంగతి మీరు రాయలేదు. అక్కగారి స్కూటీ నడిపినప్పుడు తీసుకున్నది గేరు లేని బండి లైసెన్సు అయితే దానితో మోటారు సైకిలు నడపకూడదు. గేరు బండికి మళ్లీ లెర్నింగ్ లైసెన్సు తీసుకోవాలి. దాని గడువు ఆరు నెలలు, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లవచ్చు. ఆ కాలంలో నేర్పేవారు తప్ప మరొకరు వెనక కూర్చోకూడదు. సరైన లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బండి డ్యామేజీకి ఇన్సూరెన్స్ క్లెయిము తిరస్కరించే వీలుంటుంది, అప్పుడు ఇన్సూరెన్స్ కట్టి ఉన్నా మరమ్మతు ఖర్చు మీ జేబులోంచే పోతుంది.

బండి వచ్చాక మొదటి రెండు వారాలు తెల్లవారుజామున ఖాళీ మైదానానికి వెళ్లండి. మొదట యాక్సిలరేటరు ముట్టుకోకుండా, క్లచ్చును కొంచెం కొంచెంగా వదులుతూ బండి ఎక్కడ కదులుతుందో వేళ్లకు అలవాటు చేయండి. మనవాళ్లు హాఫ్ క్లచ్ అనే ఆ చోటు దొరికితే ట్రాఫిక్ సగం నేర్చుకున్నట్టే. అక్కడి నుంచి వెనక బ్రేకు మీద కొద్దిగా పాదం ఉంచి, హాఫ్ క్లచ్‌లో మనిషి నడక వేగానికి బండిని నడిపించి, ఆర్టీఓ టెస్టులో అడిగే ఎనిమిది అంకె వేయండి. చూపు ముందు చక్రం మీద కాకుండా మీరు వెళ్లవలసిన చోట ఉండాలి. తర్వాత 30 వేగంలో వచ్చి, సుద్ద గీత గీసిన చోట, రెండు బ్రేకులూ కలిపి, ముందు బ్రేకును మొదట మెల్లగా పట్టి ఆపైన బిగిస్తూ ఆపండి. రోజుకు ఇరవైసార్లు చేయండి. ఏబీఎస్ ఉన్న బండైతే ఒకటి రెండుసార్లు మట్టి మీద నెమ్మదిగా వెళుతూ వెనక్కి తగ్గకుండా గట్టిగా పట్టి, లివరు కింద అది టకటకా కొట్టుకోవడం ఎలా ఉంటుందో తెలుసుకోండి. ముందే తెలియకపోతే నిజంగా అవసరమైన రోజున ఆ కొట్టుకోవడానికి భయపడి బ్రేకు వదిలేస్తారు. కొత్త టైర్ల మీద పై పొర నున్నగా ఉంటుంది, మొదటి నూరు కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువగా వాల్చకండి.

ఈ వారాంతంలో టెస్ట్ రైడ్‌కు వెళ్లేటప్పుడు ఆఫీసుకు వేసుకునే బూట్లే వేసుకుని, వీపుకు లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని వెళ్లండి. గేరు బండి ఇంకా రాదు కనుక నడపడానికి నాన్నగారిని తోడు తీసుకెళ్లి మీరు వెనక కూర్చోండి. తర్వాత ఇంజన్ ఆపించి, షోరూమ్ ముందు వాలులో బండిని మీరే ఎక్కి కూర్చుని పది అడుగులు వెనక్కి నెట్టండి, దిగి సెంటర్ స్టాండు ఉంటే అది వేసి చూడండి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోంచి బయటికి తీయండి. రెండు మూడు బండ్లతో ఇలా చేశాక ఏది ఎలా అనిపించిందో, మీ కాలి కొలత ఎంత వచ్చిందో రాయండి. ఆ వివరాలు చూసి, వాటిలో ఏది తీసుకోవాలో పేరుతో సహా చెబుతాను.